విజయవాడకి విమానంలో గంటే: మరి బస్సు ఎందుకు ఎక్కుతున్నాం?

ఫోన్‌లో ఏవైనా రెండు ఊళ్ళ పేర్లు కొట్టండి. పారిస్, రోమ్ అనుకోండి. లేదా హైదరాబాద్, విజయవాడ. వెంటనే రెండు అంకెలు వస్తాయి: దూరం ఇన్ని కిలోమీటర్లు, ఫ్లైట్ టైమ్ ఇంత. ఆ రెండు అంకెలు ఎలా తయారవుతాయి? వాటిలో ఏది మన ప్రయాణానికి పనికొస్తుంది? ఈ పాఠం వాటి గురించే. ఇంటర్ త్రికోణమితి గుర్తుంటే చాలు. గుర్తు లేకపోయినా పర్లేదు, దారిలో చెప్పుకుందాం.

నేను ఉండేది నాచారంలో, బస్సులు మారేది ఉప్పల్లో. అందుకే ఉదాహరణలన్నీ ఇక్కణ్ణుంచే తీసుకున్నాను.

ఒక ప్రయాణం, మూడు దూరాలు

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి విజయవాడ ఎంత దూరం? దీనికి కనీసం మూడు జవాబులున్నాయి.

మొదటిది, పక్షి ఎగిరినట్టు సూటిగా: సుమారు 240 కిలోమీటర్లు. ఉప్పల్ మెట్రో స్టేషన్, విజయవాడ రైల్వే స్టేషన్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని నేను వేసిన లెక్క ఇది.

రెండోది, రోడ్డు మీద. ఎల్బీనగర్ వెళ్ళి చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పోతే సుమారు 270.

మూడోది, విమానం లెక్క. శంషాబాద్ నుంచి గన్నవరం దాకా సూటిగా 264. ఇక్కడే ఒక తమాషా ఉంది. విమానాశ్రయాల మధ్య సూటి దూరం, ఉప్పల్ నుంచి విజయవాడకున్న సూటి దూరం కంటే ఎక్కువ! ఎందుకంటే మనకి విజయవాడ ఆగ్నేయంలో ఉంది, శంషాబాద్ నైరుతిలో ఉంది. గన్నవరమేమో విజయవాడ దాటాక వస్తుంది. ముందు వెనక్కి వెళ్ళి, తర్వాత ఊరు దాటి దిగి, మళ్ళీ ఊళ్ళోకి రావాలన్నమాట.

పాతకాలం వాళ్ళు దూరాన్ని కోసుల్లో, ఆమడల్లో చెప్పేవారు. నాలుగు కోసులు ఒక ఆమడ. కోసుకి రెండు మైళ్ళు వేసుకుంటే ఆమడ అంటే దాదాపు 13 కిలోమీటర్లు. ఆ లెక్కన విజయవాడ మనకి పద్దెనిమిదిన్నర ఆమడలు. అలాగే "పూట ప్రయాణం", "రోజు నడక" అనే మాటలూ ఉన్నాయి. అవి దూరాన్ని కాలంతో కొలిచిన మాటలు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరపడుతుంది.

బంతి మీద సూటి గీత

భూమి బల్లపరుపుగా ఉంటే పైథాగరస్ సరిపోయేది. దగ్గరి ఊళ్ళకి ఇప్పటికీ సరిపోతుంది. దూరం పెరిగేకొద్దీ భూమి గుండ్రదనం లెక్కలోకి వస్తుంది.

బంతి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి లాగండి. దారం కూర్చున్న దారే అతి దగ్గరి దారి. ఆ దారాన్ని అలాగే పొడిగిస్తే బంతిని సరిగ్గా సగానికి కోసే వృత్తం అవుతుంది. దాన్ని మహావృత్తం అంటారు.

మన విమానాశ్రయం నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది కాబట్టి దాన్నే తీసుకుందాం. మహావృత్తం మీద దూరం సుమారు 7,116 కిలోమీటర్లు. అదే గోడ మీద మ్యాప్‌లో (మెర్కేటర్ పద్ధతిలో గీసినది) స్కేలు పెట్టి గీత గీసి, ఆ గీత వెంబడే వెళ్తే సుమారు 7,270. అంటే మ్యాప్‌లో సూటిగా కనపడే దారి నిజానికి 150 కిలోమీటర్లు ఎక్కువ. దిక్కు కూడా మారిపోతుంది. స్కేలు గీత ఉత్తరం నుంచి పడమటికి 60 డిగ్రీలు తిరగమంటుంది. దారం మాత్రం బయల్దేరేటప్పుడు 42 డిగ్రీలు చాలంటుంది. యూరప్ వెళ్ళే విమానాల దారి తెర మీద వంకరగా, ఉత్తరానికి ఉబ్బినట్టు కనపడడానికి మొదటి కారణం ఇదే. వంకర మ్యాప్‌ది, దారిది కాదు.

విల్లు, నారి, బాణం

ఈ దూరాన్ని కంప్యూటర్‌కి చెప్పే సూత్రం పేరు హావర్‌సైన్. పేరు చూసి భయపడొద్దు. ఇది మన చుట్టమే.

ఒక విల్లు ఊహించుకోండి. వంగిన కర్ర వృత్తంలో ఒక ముక్క, అదే చాపం. రెండు కొసల్నీ కలిపే తాడు నారి. సంస్కృతంలో దాన్నే జ్యా అంటారు. ఆ నారిలో సగం అర్ధజ్య. 499లో ఆర్యభటుడు ఇచ్చిన 24 అంకెల పట్టిక ఈ అర్ధజ్యలదే. వాడుకలో "అర్ధ" పోయి జ్యా మిగిలింది. అరబ్బులు దాన్ని జీబా అని రాసుకున్నారు. అచ్చులు రాయని లిపి కాబట్టి తర్వాతివాళ్ళు దాన్ని జైబ్ అని చదివారు. జైబ్ అంటే బట్ట మడత, ఒడి. లాటిన్‌లోకి అనువదించినవాళ్ళు అదే అర్థం వచ్చే సైనస్ అన్న మాట పెట్టారు. మన ఇంటర్ పుస్తకంలోని సైన్ ఇలా వచ్చింది. వింటినారి ఊళ్ళు తిరిగి, వేషం మార్చుకుని మళ్ళీ మన క్లాస్‌రూమ్‌కే చేరింది.

ఇప్పుడు నారి మధ్య నుంచి కర్ర మధ్యకి ఉన్న చిన్న ఖాళీ చూడండి. బాణం కూర్చునే చోటు. దాని పేరు ఉత్క్రమజ్య, శరం అని కూడా అంటారు. ఇంగ్లీషులో అదే వెర్‌సైన్. అందులో సగమే హావర్‌సైన్, సగం బాణం! 19వ శతాబ్దంలో జేమ్స్ ఇన్మన్ అనే ఆయన ఓడల నావికుల కోసం రాసిన పుస్తకంలో ఈ పేరు పెట్టాడు. ఒక కోణం హావర్‌సైన్ అంటే, ఆ కోణంలో సగానికి సైన్ కట్టి దాన్ని వర్గం చేయడమే.

సూత్రం ఇది:

క = సైన్²(అక్షాంశాల తేడా ÷ 2) + కొసైన్(మొదటి అక్షాంశం) × కొసైన్(రెండో అక్షాంశం) × సైన్²(రేఖాంశాల తేడా ÷ 2)

దూరం = 2 × 6371 × ఆర్క్‌సైన్(√క)

రెండో భాగంలో కొసైన్లు ఎందుకంటే, ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లు. ఉప్పల్ దగ్గర 106. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర 71 మాత్రమే.

శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. గన్నవరం 16.53 ఉత్తరం, 80.80 తూర్పు. చేసి చూద్దాం.

అక్షాంశాల తేడా 0.71, సగం 0.355 డిగ్రీలు. దాని సైన్ వర్గం 0.0000384.
రేఖాంశాల తేడా 2.37, సగం 1.185 డిగ్రీలు. దాని సైన్ వర్గాన్ని రెండు కొసైన్లతో గుణిస్తే 0.0003916.
కలిపితే 0.00043. వర్గమూలం 0.02074. ఇంత చిన్న అంకెకి ఆర్క్‌సైన్ కూడా దాదాపు అంతే.
రెండు రెట్ల 6371, అంటే 12,742తో గుణిస్తే 264 కిలోమీటర్లు.

సీఎస్ఈ వాళ్ళకి ఒక ప్రశ్న రావాలి. కొసైన్‌తో ఇంకో సూత్రం కూడా ఉంది కదా, ఇదే ఎందుకు? ఉప్పల్ నుంచి నాచారం సూటిగా సుమారు 3 కిలోమీటర్లు. భూమి కేంద్రం దగ్గర ఆ దూరం చేసే కోణం ఎంత చిన్నదంటే, దాని కొసైన్ 0.99999989. సింగిల్ ప్రెసిషన్ ఫ్లోట్‌లో 1కి కింద ఉండే మెట్ల ఎత్తు సుమారు 0.00000006. అంటే 1 నుంచి రెండు మెట్లు దిగేసరికే నాచారం వచ్చేస్తుంది. ఆ సూత్రం 2.2 అనగలదు, 3.1 అనగలదు, 3.8 అనగలదు. మధ్యలో ఏ దూరాన్నీ చెప్పలేదు. హావర్‌సైన్‌కి ఆ ఇబ్బంది లేదు. అది 1 దగ్గర కాకుండా సున్నా దగ్గర పని చేస్తుంది, అక్కడ ఫ్లోట్‌కి మెట్లు బోలెడు. దగ్గరి దూరాలు కొలిచే యాప్‌లకి ఈ సూత్రం నచ్చడానికి ఇదొక కారణం.

ఆ 6371 ఎవరు కొలిచారు?

సూత్రంలో భూమి సగటు వ్యాసార్ధం 6371 అని ధీమాగా రాసేశాం. భూమి కొలతల కథలో మన ప్రాంతానికీ వాటా ఉంది.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన సుమారు ఏడున్నర మైళ్ళ గీతని గొలుసుతో కొలిచాడు. అక్కణ్ణుంచి త్రిభుజం మీద త్రిభుజం కట్టుకుంటూ ఉత్తరానికి వచ్చాడు. ఒక భుజం తెలిస్తే, మిగతావన్నీ కోణాలు కొలిచి లెక్కగట్టొచ్చు. కోణాలు కొలిచే ఆ పెద్ద థియోడలైట్ బరువే దాదాపు అర టన్ను. దాన్ని కొండల మీదికీ గుడి గోపురాల మీదికీ ఎక్కించారు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ అతని సహాయకుడిగా వచ్చి చేరింది హైదరాబాద్‌లోనే. తర్వాత కృష్ణా, గోదావరి మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాల పాలయ్యాడు. 1823లో లాంబ్టన్ పని మధ్యలోనే హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. పనిని ఎవరెస్ట్ కొనసాగించాడు. హిమాలయ శిఖరానికి పెట్టింది ఈయన పేరే.

ఆ కొలతల మీద ఆధారపడి వచ్చిన భూమి ఆకారాన్ని 1830 ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభం అంటారు. అందులో భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6377.276 కిలోమీటర్లు. ఇవాళ మన ఫోన్‌లోని జీపీఎస్ వాడేది 6378.137. తేడా 861 మీటర్లు! గొలుసులు, థియోడలైట్లు, జ్వరాలు, ఎడ్లబండ్లతో సాధించిన అంకె, ఉపగ్రహాల అంకెకి కిలోమీటరు లోపు తేడాతో వచ్చింది.

నాచారం నుంచి హబ్సిగూడ వచ్చి ఉప్పల్ వైపు తిరిగితే 1961లో పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ కనపడుతుంది, భూమి లోపలి సంగతులు చూసే సంస్థ. ఉప్పల్లో సర్వే ఆఫ్ ఇండియా ప్రాంగణం ఉంది. లాంబ్టన్ పనికి వారసులైన సర్వేయర్లకి అక్కడ శిక్షణ ఇస్తారు. మెట్రోలో రోజూ ఆ పక్కనుంచే పోతాం. భూమిని కొలిచే పని మన పేటలో పెద్ద పనే.

దూరం నుంచి టైమ్‌కి

ఇప్పుడు రెండో అంకె, ఫ్లైట్ టైమ్. జెట్ విమానం గాల్లో గంటకి సుమారు 850 కిలోమీటర్లు పోతుంది. 264ని 850తో భాగిస్తే 19 నిమిషాలు. కానీ టికెట్ మీద గంట అటూఇటూ ఉంటుంది. మిగతా నలభై నిమిషాలు ఏమయ్యాయి?

మొదటి సంగతి, ఇంత దగ్గరి ఊళ్ళకి ఎక్కువగా వాడేది ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం. దాని వేగం గంటకి 500 చుట్టుపక్కల. అప్పుడే 32 నిమిషాలు అయింది. రెండోది, టికెట్ మీద రాసేది గాల్లో ఉండే టైమ్ కాదు. నిలబడి ఉన్న విమానం చక్రాలకి అడ్డంగా దిమ్మలు పెడతారు. ఆ దిమ్మలు తీసిన క్షణం నుంచి, అవతల మళ్ళీ దిమ్మలు పెట్టే దాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, పైకెక్కడం, దిగే ముందు రన్‌వే దిక్కుకి తిరగడం అన్నీ అందులోనే. అందుకే వెబ్‌సైట్లు చాలావరకు ఒక మోటు లెక్క వాడతాయి: దూరాన్ని వేగంతో భాగించు, ఇంకో అరగంట కలుపు.

దూరప్రయాణాల్లో మూడో సంగతి గాలి. పైన పడమటి నుంచి తూర్పుకి బలంగా వీచే గాలులుంటాయి. అందుకే ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళేటప్పుడు పట్టే టైమ్ కంటే వచ్చేటప్పుడు సాధారణంగా తక్కువ. దూరం ఒకటే, టైమ్ రెండు.

గుమ్మం నుంచి గుమ్మానికి

మా తాతయ్య వాళ్ళది విజయవాడ. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి ఆయనకి గుండెనొప్పి వచ్చి ఐసీయూలో చేర్చారు. అమ్మ మొదటి మాట, "పొద్దున్నే ఫ్లైట్ చూడండి, గంటలో వెళ్ళిపోవచ్చు." నాన్న కాగితం తీసుకుని రాశారు. నాచారం నుంచి శంషాబాద్ గంటా పది నిమిషాలు. అక్కడ ముందుగా ఉండాల్సింది గంటన్నర. విమానం గంట. దిగి బయటికి రావడానికి ఇరవై నిమిషాలు. గన్నవరం నుంచి ఊళ్ళోకి నలభై. మొత్తం నాలుగు గంటల నలభై నిమిషాలు, అదీ పొద్దున విమానం టైమ్‌కి బయల్దేరితే. కారులో ఐదు గంటలు, ఇప్పుడే బయల్దేరొచ్చు. "ఇప్పుడే" అన్న మాటే నెగ్గింది. తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉన్నాం. తాతయ్య ఇప్పుడు బానే ఉన్నారు, నడకకి వెళ్తున్నారు.

నాన్న కాగితంలో చూడండి, మొత్తం 280 నిమిషాల్లో విమానం వాటా 60. మిగతా 220 నిమిషాలు రోడ్లు, లైన్లు, ఎదురుచూపులు. యూరప్‌లో ఇదే కథ లండన్, పారిస్ మధ్య నడుస్తుంది. సూటి దూరం 344 కిలోమీటర్లు. విమానం టైమ్ గంటంబావు. సముద్రం కింది సొరంగంలోంచి 1994 నుంచి నడుస్తున్న యూరోస్టార్ రైలుకి రెండుంబావు గంటలు. అంకెల్లో రైలు ఓడిపోవాలి. కానీ రైలు ఊరి మధ్యలో ఎక్కించుకుని ఊరి మధ్యలో దింపుతుంది. గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేస్తే చాలామందికి రైలే నయం.

మరి దగ్గరి ఊళ్ళకి విమానం దండగా? కాదు. దానికి జవాబు మన మెట్రో లైన్ మీదే ఉంది.

నాలుగు గంటల గుండె

దాత శరీరం నుంచి తీసిన గుండె ఐస్‌పెట్టెలో సాధారణంగా నాలుగు గంటల దాకా ఆగుతుంది. ఆ నాలుగు గంటల్లో ప్రయాణం ఒక్కటే కాదు, కొత్త శరీరంలో కుట్టి మళ్ళీ రక్తం పారించడం కూడా అయిపోవాలి. కుట్టడానికి గంట తీసేయండి. దారికి మిగిలింది మూడు గంటలు.

2021 ఫిబ్రవరి 2న ఎల్బీనగర్ ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అయిన నల్గొండ జిల్లా రైతు ఒకరి గుండెని ఆయన కుటుంబం దానం చేసింది. అది జూబ్లీహిల్స్ చేరాలి. హైదరాబాద్ మెట్రో నాగోల్ నుంచి ఒక ప్రత్యేక రైలు నడిపింది. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, అమీర్‌పేట... మధ్యలో 16 స్టేషన్లు, ఒక్కదాంట్లోనూ ఆగలేదు. 21 కిలోమీటర్లు అరగంట లోపు. 2025 జనవరి 17న ఇంకో గుండె, ఈసారి ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కి, 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో చేరింది.

21 కిలోమీటర్లు అరగంటలో అంటే సగటు వేగం గంటకి 42. మన స్కూటీ వేగం! అక్కడ పనిచేసింది రైలు వేగం కాదు, ఆగకపోవడం.

ఇదే లెక్క విజయవాడకి వేయండి. అక్కడ దాత, ఇక్కడ రోగి అనుకుందాం. రోడ్డు మీద ఐదు గంటలు, అంటే అవకాశమే లేదు. విమానానికైతే పోలీసులు గ్రీన్ కారిడార్ ఇచ్చి, విమానం సిద్ధంగా ఉంటే, ఆసుపత్రి నుంచి గన్నవరం 30 నిమిషాలు, ఆకాశంలో గంట, శంషాబాద్ నుంచి నగరంలోని ఆసుపత్రికి 40 నిమిషాలు అనుకోండి. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. మూడు గంటల లోపే. ఇది నా అంచనా లెక్కే. అయినా ఒక విషయం తేలింది. మా అమ్మానాన్నలకి కారు కంటే ఇరవై నిమిషాలు మాత్రమే మిగిల్చే విమానం, ఒక గుండెకి బతుకూ చావుల తేడా అవుతుంది. దూరం మారలేదు, విమానం వేగం మారలేదు. ఎదురుచూపులు తీసేశాం, అంతే.

అందుకే ఫోన్ చూపించే రెండు అంకెల్లో మొదటిదాన్ని నిశ్చింతగా నమ్మండి, దాని వెనక ఆర్యభటుడి నుంచి ఎవరెస్ట్ దాకా చాలామంది కష్టం ఉంది. రెండోదాన్ని మాత్రం విడగొట్టి చూడండి: ఎంతసేపు కదులుతున్నాం, ఎంతసేపు ఆగుతున్నాం. "పూట ప్రయాణం" అన్న మన పెద్దల మాటలో ఈ రెండూ కలిసే ఉన్నాయి.

మీరే చేసి చూడండి

1. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో చూసుకోండి. మన కాలేజీకి సూటి దూరం హావర్‌సైన్‌తో కట్టి, దాన్ని 13తో భాగించండి. మీ ఊరు ఎన్ని ఆమడలో అమ్మమ్మకి చెప్పండి.

2. రోడ్డు దూరాన్ని సూటి దూరంతో భాగించండి. ఉప్పల్–విజయవాడకి అది 1.12. మీ ఊరికి బాగా ఎక్కువ వస్తే మధ్యలో ఏముందో చూడండి. నదో, కొండో, కట్టని వంతెనో ఉంటుంది.

3. ఈసారి ఊరెళ్ళినప్పుడు రెండు టైమ్‌లు విడిగా రాయండి: బండి కదిలిన నిమిషాలు, ఆగిన నిమిషాలు. వచ్చే సంచికకి పంపండి. అందరివీ కలిపి పట్టిక వేద్దాం.